మగ్గం పక్కన పట్టే కంప్యూటర్

కంప్యూటర్ కొంటున్న అని ఫోన్ల చెప్తే మా అన్న అడిగిన మొదటి మాట, "ఎంత పెద్దది?" అని. ఏం పని చేస్తది, ఎన్నేండ్లు మన్నుతది, కరెంటు పోతే ఎట్ల, గివేం కాదు. ఎంత పెద్దది! ఎద్దును కొంటుంటే అడిగినట్టు అడిగిండు. నాకు గప్పుడే తిక్క లేసింది. ఇయ్యాల్టికి ఆ మాట యాదికొస్తే తిక్కనే లేస్తది.

మాది గద్వాల. ముందటి అర్రల మగ్గం, ఎనకటి అర్రల పొయ్యి, నడుమ ఒక గోడ, మా ఇల్లంటే గంతే. మాది గుంట మగ్గం. నేలల గుంట తోడి ఉంటది, నేసేటోళ్ళు గుంటల కాళ్ళు వదిలి దాని ఒడ్డున కూసుంటరు. ఇంటికి ఉన్న ఒక్క కిటికీ ఆ అర్రకే ఉన్నది. ఇంటర్నెట్ తీగ వచ్చింది ఆ అర్రకే. ఫోన్‌కు సిగ్నల్ అందేది సుత ఆడనే. అందుకని నేను, మగ్గం ఒక్క అర్రలనే కాపురం పెట్టినం.

హైదరాబాద్ల ఒక కంపెనీకి నేను ఇంటికాడికెల్లి పని చేస్త. దవాఖాన బిల్లులు, ఇన్సూరెన్స్ కాయితాలు సరిజూసే పని. ఒక దిక్కు బిల్లు, ఒక దిక్కు డాక్టర్ రాసింది, రెండూ కలుస్తున్నయా లేదా చూడాలె. దానికి వాళ్ళు ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన్రు. కంపెనీ ల్యాప్‌టాప్ అంటే పెండ్లికి అరువు తెచ్చుకున్న నగ, పెట్టుకోని తిరగాలె గని మనదని అనుకోవద్దు. దాంట్ల పెన్‌డ్రైవ్ పెట్టనియ్యరు, సొంత ఫోటో ఒక్కటి దాచుకోనియ్యరు, జర సేపు మౌస్ కదలకపోతే నేను సీట్ల లేనని అవతల తెలిసిపోతది. చాయ తాగనీకి లేస్తే సుత భయమే. ఆ చిన్న తెర మీద రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చూసి చూసి నా కండ్లు మంటలు లేస్తుండె.

నాకు ఇంకో పని కూడ ఉంది, అది నా సొంతం. చీర అంచులకు గ్రాఫులు గీస్త. నెమలి, హంస, గోపురం, ఏ బొమ్మ కావాలన్నా ముందుగల్ల గళ్ళ మీద గీయాలె. ఆ గళ్ళను చూసి అట్టలకు తూట్లు కొడతరు, ఆ అట్టలు మగ్గం మీదికెక్కిస్తే అంచుల బొమ్మ దిగుతది. కాయితం మీద గీస్తే ఒక్క గడి తప్పు పోయినా మొత్తం మళ్ళ గీయాలె. కంప్యూటర్ల అయితే దిద్దుడు అల్కగ అయితది. కంపెనీ ఇయ్యాల ఉంటది, రేపు పొమ్మంటది. నాది అనేది ఒకటి ఉండాలె కద. అందుకే డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కోవాలె, ఒక పెద్ద తెర పెట్టుకోవాలె, పొద్దుంత ఆ తెరకు కంపెనీ ల్యాప్‌టాప్ తగిలించాలె, పని అయినంక అదే తెరకు నా కంప్యూటర్ తగిలించాలె అనుకున్న.

ఒక్కటే షరతు పెట్టుకున్న. ఏ కంప్యూటర్ కొన్నా సరే, నాయిన మగ్గం బెత్తెడు కూడ జరగొద్దు.

ఎందుకంటే మా వాడల పూడ్చిన గుంటలు నాకు ఎరుకే. ముందుగల్ల ఒక బీరువా పెట్టనీకి మగ్గం జర పక్కకు జరుపుతరు. ఆ తర్వాత చీర దించినంక చూద్దాం అంటరు. ఆ తర్వాత గుంటల సిమెంటు పోస్తరు, దాని మీద సోఫా వస్తది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంటాయన హైదరాబాద్ల ఏదో అపార్ట్‌మెంట్ గేటు కాడ కుర్చేసుకోని కూసుంటడు. మా నాయిన నా పని కోసం గేటు కాడ కూసోవద్దు. గిదొక్కటే నా భయం, ఇంట్ల అందరికీ నోరు తెరిచి చెప్పిన కూడ.

కంపెనీ ఫోన్లకు మాత్రం మగ్గం పడకపోతుండె. నేను మాట్లాడుతుంటే ఎనక టక్ టక్ మని వినవడుతుండె. మేనేజర్ మేడం అడిగింది ఏంది ఆ చప్పుడని. మగ్గం మేడం, మా నాయిన నేస్తుండు, అన్న. "అబ్బ, ఎంత బాగుందో! ఒక గంట ఆపమని చెప్పవా మరి" అన్నది. బాగుందట, ఆపాల్నట! ఆమె నోట్లె రెండు మాటలూ ఒక్క శ్వాసలనే వచ్చినయి. అప్పటిసంది నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోంగనే నాయిన చేతులు ఆగుతుండె. ఆయన పక్కన ఎడమ దిక్కు కూసోని అంచు పోగును దాటించే నాడె అందిచ్చే అమ్మ చేతులు కూడ ఆగుతుండె. మీరు నెయ్యున్రి, నేను మ్యూట్ల పెట్టుకుంట అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఇననే ఇనకపోతుండె.

సరే, కంప్యూటర్ సంగతి. గద్వాలల దుకాణపాయన నాకు ఒక డబ్బా చూపెట్టిండు. చిన్న బీరువంత ఉంది, పక్కన అద్దం, అద్దంల ఎర్రవి పచ్చవి లైట్లు తిరుగుతున్నయి. జాతరల రంగులరాట్నం నయం. "అమ్మా, ఇది తీస్కో, ఏ గేమన్న నడుస్తది" అన్నడు. నేను గేములాడుతనని ఆయనకు ఎవరు చెప్పిన్రో తెల్వదు. దాన్ని పెట్టాలంటే బల్ల కావాలె, బల్ల పెట్టాలంటే మగ్గం లెవ్వాలె. వద్దన్న. ఇంకోటి చూపెట్టిండు, కంప్యూటర్ మొత్తం తెరలనే ఉంటది, వేరే డబ్బా ఉండదు. మంచిగనే ఉంది గని దానికి ల్యాప్‌టాప్ తగిలించనీకి లోపలికి వైరు పోయే తొర్ర లేదు. ఆయననే అడిగితే "ల్యాప్‌టాప్‌కు తెర ఉంటది కదమ్మా, మళ్ళ తెర ఎందుకు?" అన్నడు. ఇగ ఆయనతోని నేనేం మాట్లాడాలె!

ఫోన్ల వీడియోలు చూసి చూసి నేనే నేర్చుకున్న. నాకు కావాల్సింది పుస్తకమంత ఉండే చిన్న డబ్బా అని తేలింది. అది తెర ఎనకాలనే తగిలించొచ్చు. తెరకు రెండు వైర్లు, ఒకటి ల్యాప్‌టాప్ నుంచి, ఒకటి డబ్బా నుంచి. ఒకటే కీబోర్డు, ఒకటే మౌస్, నడుమ ఒక బొత్తాం. బొత్తాం నొక్కితే కంపెనీ పోయి నేనొస్త, మళ్ళ నొక్కితే నేను పోయి కంపెనీ వస్తది. కరెంటు పోతే పదినిమిషాలు నడిపే బ్యాటరీ ఒకటి. తెరను మగ్గానికీ గోడకూ నడుమ ఒక చెక్క కొట్టి పెట్టొచ్చు. నాయిన చీర కొలిచే కొలకట్టె తీసుకోని ఆ సందు కొలిచిన. సరిగ్గ పట్టింది. నేను ఎగిరి గంతేసిన. "నాయినా, చూడు, మగ్గం జరగనక్కర్లేదు!" అని కొలకట్టె ఊపుకుంట చెప్పిన. నాయిన నాడెల నూలు కండె పెట్టుకుంట, "ఊఁ" అన్నడు. నాడె పక్కకు పెట్టి, "కిటికీ కాడ నీకు ఎలుతురు అవుసరం లేదా?" అని అడిగిండు. అవుసరం లేదన్న. మళ్ళ నేసుడు మొదలువెట్టిండు.

మా అన్న నాగర్‌కర్నూల్ల విత్తనాల దుకాణం నడుపుతడు. ఆడ ఆయనకు ఒక పెద్ద కంప్యూటర్ ఉంది, దాని మీద దుకాణం ముందటి కెమెరా బొమ్మ చూసుకుంట కూసుంటడు. అంతకు మించి అది చేసేదేం లేదు. నేను చిన్న డబ్బా ఫోటో పంపిస్తే ఫోన్ చేసి ఒకటే నవ్వుడు. "ఏంది చెల్లె, టిఫిన్ డబ్బా కొంటున్నవా? నలుగురొచ్చి చూస్తే ఏమనుకుంటరు? పెద్దది తీస్కో, బల్ల నేను చేపిస్త." మగ్గం ఏడికి పోవాలె మరి, అని అడిగిన. "మగ్గం మగ్గం అని ఎన్ని దినాలు పట్టుకోని యాలాడుతరే!" అన్నడు. నేను ఫోన్ పెట్టేసిన.

వనపర్తిల ఒక దుకాణంల అసుంటి చిన్న డబ్బాలు దొరుకుతున్నయని తెలిసింది. ఏదో ఆఫీసుల వాడి అమ్మినవి, శుభ్రంగ చేసి పెట్టిండు. బస్సెక్కి పోయిన. బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణ నిండుగ కనవడితే, ఆంజనేయసామికి బస్సులకెల్లే మొక్కిన, మంచిది దొరకాలె సామీ అని. దొరికింది. దుకాణపాయన నా ఎదురుంగనే తెర పెట్టి, నా గ్రాఫు సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చి నడిపి చూపెట్టిండు. నేను గీసిన హంస తెర నిండ వచ్చింది. గంత పెద్దగ నా గీత నేనెప్పుడు చూసుకోలె.

అన్న అప్పుడే ఫోన్ చేసిండు. "సెకండ్ హ్యాండ్‌ది గట్లనే ఇంటికి తీస్కపోతవా? నాగర్‌కర్నూల్‌కు తీస్కరా. నా కాడ ఒకరోజు నడిపి చూద్దాం, వేడెక్కుతదో చూద్దాం. వదిన సుత నిన్ను చూడాలంటుంది." గింత ప్రేమ ఎప్పట్లది, అని అనుమానం రావాలె నాకు. రాలె. నవ్వినోడు ఇప్పుడు మెత్తవడ్డడు అనుకోని పోయిన. అన్న దుకాణంల డబ్బా నడిచింది, వేడెక్కలె. వదిన పూరీలు చేసింది. తెల్లారి నేను పోత అంటే అన్న తిని పో, జర పండి పో అని పొద్దు గూకేదాక ఆపిండు. ఆపుతుండని నాకు తెల్వలె.

మా నేతోళ్ళ ఇండ్లల్ల ఒక రివాజు ఉంది. ఇంటికి కొత్త మగ్గం వస్తదంటే, సామాను రాకముందుకే ఇంటాయన జాగ తయారు చేసి ఉంచాలె. గుంట తోడి, అలికి, పసుపు కుంకుమ పెట్టాలె. బువ్వ పెట్టే సామాను వచ్చి, జాగ లేక వాకిట్ల నిలవడొద్దంటరు. అది ఎంత ఉంటది, ఏడ పట్టుతది అని ఎవరూ అడగరు. ఇంట్ల అన్నిటికంటే మంచి జాగ దానిదే, ఎలుతురు దానిదే.

నేను డబ్బా ఒళ్ళె పెట్టుకోని ఇంటికొచ్చేసరికి ముందటి అర్రల మగ్గం లేదు.

గుంట లేదు. గుంట ఉన్నకాడ పచ్చి సిమెంటు, దాని మీద చెక్కపలకలు పరిచి ఉన్నయి. కిటికీ కింద కొత్త బల్ల, పెండ్లిల అక్షింతల పీట లెక్క ముస్తాబు చేసి ఉంది, నాలుగు కాళ్ళకు పసుపు, కుంకుమ బొట్లు. నాయిన తెల్ల అంగీ వేసుకోని, చేతిల కొబ్బరికాయ పట్టుకోని నిలవడ్డడు. "దా బిడ్డా, పెట్టు" అన్నడు.

మగ్గం ఏది నాయినా, అన్న. అమరచింతల ఒకాయన పట్టుకపోయిండట, ఆటోల. పడుగు ఏది? నూలిచ్చిన షావుకారికి వాపస్ ఇచ్చిండట. అచ్చుల కొసపోగులు? గవి సుత గుంజేసిండట. తెల్వనోళ్ళకు చెప్తున్న: చీర అయిపోయినంక కోసి దించుతరు గని, కొసలను అచ్చులనే, అంటే పోగులు దూరే దువ్వెనలనే, ఉంచుతరు. కొత్త పడుగును పోగుకు పోగు ఆ పాత కొసలకే అతుకుతరు. మా తాత అతికిన కొసలకు మా నాయిన అతికిండు, గట్ల తెగకుండ వచ్చింది. ఆ కొసలు గుంజేస్తే ఇగ మళ్ళ మొదటికెల్లే.

నాకు ఒళ్ళు తెల్వలె. డబ్బా బల్ల మీద పడేసిన. అంత పెద్ద బల్ల మీద అది అగ్గిపెట్టె లెక్క కూసున్నది. "ఎవరు చెయ్యమన్నరు నిన్ను? కొలిచి చూపెట్టిన కద! మగ్గం జరగదు అని నెత్తి నోరు కొట్టుకోని చెప్పిన కద! అన్న చెప్పిండా? నన్ను ఆడ ఆపి, ఈడ గిది చేపిచ్చిండా?" అని వాడ మొత్తం ఇనేటట్టు ఒర్రిన. ఫోన్ చేసి అన్నను తిట్టరాని తిట్లు తిట్టిన. ఆయన ఊకోలె. "నీకోసమే కద చేసింది, తెలివిలేని ముండా" అని ఆయనా తిట్టిండు. నాయిన మాత్రం కొబ్బరికాయ చేతిలనే పట్టుకోని, నా ఒర్రుడు అయిపోయేదాక చూసిండు.

అయిపోయినంక గుంట పూడ్చిన చెక్కల ఒడ్డున కూసున్నడు. అలవాటుగ కాళ్ళు కిందికి వదలవోయి, నేల తగిలి, మడిచి కూసున్నడు.

"నాకు మగ్గం మీద పానమని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?" అన్నడు. "పదేండ్లప్పుడు మా నాయిన కూసోవెట్టిండు. కూసున్న. మోకాళ్ళల్ల నీరొచ్చినా కూసున్న. నడుము వంగిపోయినా కూసున్న. నువ్వు కొలకట్టె పట్టుకోని మగ్గం జరగదు నాయినా అని సంబురపడుతుంటే, ఇగ నా బిడ్డ నన్ను సచ్చేదాక గుంటలకెల్లి లెవ్వనియ్యది అనుకున్న. చెప్తే నువ్వు, మీ అమ్మ ఒక్కటై అడ్డం వస్తరు. అందుకే మీ అన్నతోని నిన్ను ఆపిచ్చిన. ఆయన తప్పేం లేదు. అడిగింది నేనే."

ఆయన నిజమే చెప్పిండో, నా ఏడుపు ఆపనీకి చెప్పిండో, అప్పుడు నాకు తెల్వలె. వారం తిరగకముందే తెలిసింది. నాయిన నాగర్‌కర్నూల్‌కు పోయి అన్న దుకాణంల కూసుంటున్నడు. ఎనక ఆనుకునే కుర్చీ ఉందట, వచ్చినోళ్ళతోని మాట్లాడొచ్చట, మోకాళ్ళు గుంజుతలేవట. ఫోన్ల ఆయన నవ్వు వింటే, గంత మనసారా ఈ మనిషి ఎప్పుడన్న నవ్విండా అనిపిస్తది. మంచిదే. ఆయన గెలిచిండు. నేను గద్వాలల గొంతు చించుకోని కాపాడాలనుకున్నది ఆయనకు వద్దనే వద్దు. నా కోపం ఏడ పెట్టాల్నో నాకే తెల్వక, దాన్ని ఇంట్లనే మోసుకోని తిరుగుతున్న.

కంప్యూటర్ మంచిగ నడుస్తుంది. అబద్ధం చెప్పొద్దు, కిటికీ కాడ కూసుంటే కండ్ల మంట తగ్గింది. పెద్ద తెర మీద రెండు కాయితాలు పక్కపక్కన పడుతున్నయి. బొత్తాం నొక్కి నా గ్రాఫుల్లకు పోతున్న. ఒక్కటే కష్టం, అర్ర మరీ ఖాళీగ ఉంది, నా గొంతు నాకే గోడకు తగిలి మళ్ళొస్తది.

అమ్మ గన్ని దినాలు తన పని చేసుకుంట పోయింది. వండింది, తోమింది, నాయినకు బట్టలు సదిరి పంపింది. నేను ఆమెను సుత నా దిక్కే అనుకున్న. నాయిన చేసిన పనికి నేను ఎంత మండుతున్ననో ఆమె సుత గంతే మండుతుందనుకున్న. ఒకనాడు పొద్దుగాల నేను ల్యాప్‌టాప్ తెరుస్తుంటే ఆమె తల దువ్వుకోని, సద్ది డబ్బా చేతిల పట్టుకోని గడపల నిలవడ్డది.

"ఏడికమ్మా?"

"ఎనక వాడల మగ్గానికి. అంచు నాడె అందిచ్చే మనిషి లేదంట. కూలికి పోతున్న."

ఏందమ్మా గిది, అన్న. ఇంట్ల కూసో, నీకేం తక్కువ, నేను సంపాయిస్తలేనా, అన్న. ఆమె కొంగు నడుముకు చెక్కుకుంట నన్ను చూసింది. ఆ చూపుల కోపం ఉంటే నేను తట్టుకుందును.

"నేను ఈ ఇంటికొచ్చిన కాడికెల్లి ఎడమ దిక్కు కూసున్న" అన్నది. "మీ నాయిన ఒక చేతి పని చేస్తే నేను ఒక చేతి పని చేసిన. అంచు మొత్తం నా చేతుల మీదికెల్లే పోయింది. నువ్వేమో నాయిన మగ్గం జరగొద్దంటివి. ఆయనేమో నా మోకాళ్ళు అనె. మీ అన్నేమో నలుగురు నవ్వుతరనె. ఆ దినం మీ నాయిన వచ్చి, బిడ్డ అడిగింది, బిడ్డకు జాగ కావాలంట, అన్నడు. నువ్వే మనసు మార్చుకోని అడిగినవేమో అనుకోని నేనే తట్టలు మోసిన. గుంటల మన్ను పోసింది నేనే."

నేను లేసిన. హెడ్‌ఫోన్ మెడకు యాలాడుతుంది, అవతల ఎవరో నా పేరు పిలుస్తున్నరు. "నేను అడగలేదమ్మా! ఒట్టు! బల్ల తీసేస్తనమ్మా, మళ్ళ తోడిపిస్త, వేరే మగ్గం ఏపిస్త" అన్న.

"కుడి దిక్కు ఎవరు కూసుంటరు? నువ్వు కూసుంటవా?"

నేను గ్రాఫు గీస్త గని నాడె వెయ్యరాదు.

అమ్మ చెప్పులల్ల కాళ్ళు పెట్టుకున్నది. వాకిట్లకు దిగి, నా దిక్కు తిరగకుండనే చెప్పింది, "ఆ ఇంటోళ్ళు నన్ను అడిగిన్రు. వస్తవా అక్కా, నీకు ఇష్టమేనా, అని ఇంటికొచ్చి అడిగిన్రు."